మీ ప్రశ్నలు: బోరు ఎంత ఇస్తుందో తేల్చేదెలా?

ప్రశ్న: 650 అడుగుల బోరు వేయించాం. బండి వాళ్లు రెండించుల నీళ్లన్నారు. మోటారు దించితే రెండు గంటలకే గాలి కొడుతోంది. మాకు అబద్ధం చెప్పారా?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: అబద్ధమనలేం. కంప్రెసర్‌తో ఊదినప్పుడు బోరులోనూ దగ్గరి పగుళ్లలోనూ నిలవున్న నీళ్లన్నీ ఎగజిమ్ముతాయి. ఆ ధారను వి-నాచ్ (V ఆకారపు గాటున్న) పలకతో కొలిచి ఇంచులు చెబుతారు. అది ఆ కాసేపటి మాట. మీ వైపున్న గ్రానైట్, నైస్ రాళ్లలో అడుగున నీరు నడిచేది పగుళ్ల వెంటే. అవి ఎంత సులువుగా నీటిని బోరుకు చేరవేస్తాయో చెప్పే కొలతను ట్రాన్స్‌మిసివిటీ అంటారు. రోజుకు ఇన్ని చదరపు మీటర్లు అని రాస్తారు. పగటి 9 గంటల కరెంటులోనే దీన్ని తేల్చుకోవచ్చు.

మోటారు దించేటప్పుడే పైపు వెంట ముప్పావు ఇంచు పీవీసీ గొట్టాన్ని, పంపుకు కాస్త పైదాకా, కట్టి దించండి. కింది కొసన నాలుగు రంధ్రాలుండాలి. నీటిమట్టం కొలిచే టేపును (కొస నీటిని తాకితే బీప్ కొట్టేది) ఇందులోంచే వదలాలి. నేరుగా బోరులోకి వదిలితే కేబులుకు చుట్టుకుంటుంది, లేదా పై పగులు నుంచి జారే నీటికి తడిసి ముందే బీప్ కొడుతుంది. చాలా లెక్కలు తప్పేది ఇక్కడే.

ముందురోజు నుంచి మీ మోటారుతోపాటు చుట్టుపక్కల మోటార్లూ ఆపించండి. ఇరుగుపొరుగును ఒప్పించడమే ఇందులో కష్టమైన పని! పొద్దున్నే మట్టం రాసుకుని మోటారు వేయండి. గేట్‌వాల్వ్ తిప్పి, గాలి కొట్టకుండా రోజంతా నడిచేంతకు ధార తగ్గించండి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో గంటకోసారి చూడండి. మట్టం దిగేకొద్దీ ధార సన్నబడుతుంది కాబట్టి వాల్వ్ కొంచెం కొంచెం తెరుస్తూ ఒకే ధార నిలపాలి. పారే నీటిని బోరు పక్కనే వదలొద్దు. మళ్లీ లోపలికి ఇంకి లెక్క చెడగొడుతుంది.

మట్టాన్ని మొదటి 10 నిమిషాలు నిమిషానికోసారి, అరగంట దాకా 5 నిమిషాలకు, రెండు గంటల దాకా 10 నిమిషాలకు, ఆపైన అరగంటకోసారి రాయండి. వీటితోపాటు సరిగ్గా 50వ, 500వ నిమిషాల కొలతలు తప్పనిసరి.

డ్రమ్ము 100 సెకన్లలో నిండిందనుకోండి. సెకనుకు 2 లీటర్లు, అంటే రోజుకు 172.8 ఘనపు మీటర్లు. మట్టం 50వ నిమిషంలో 31.5 మీటర్లు, 500వ నిమిషంలో 35.5. కాలం పది రెట్లు పెరిగేసరికి 4 మీటర్లు దిగింది. 0.183 × 172.8 ÷ 4 = సుమారు 7.9. అంటే ట్రాన్స్‌మిసివిటీ రోజుకు 7.9 చదరపు మీటర్లు; 0.183 ఈ సూత్రంలో మారని అంకె. ఇది 1946లో కూపర్, జాకబ్ చూపిన పద్ధతి. తొలి అరగంట కొలతలను ఈ లెక్కలోకి తీసుకోకండి. ఆరున్నర ఇంచుల బోరులో మీటరుకు 21 లీటర్ల నీళ్లుంటాయి, మొదట తోడేది ఎక్కువగా వాటినే.

కొలతలన్నీ సెమీలాగ్ కాగితం (ఒకవైపు 1, 10, 100 సమాన దూరాల్లో ఉండే లాగ్ స్కేలున్న గ్రాఫు కాగితం) మీద, కాలం లాగ్ స్కేలు వైపు వచ్చేలా పెడితే దాదాపు సరళరేఖ రావాలి. మధ్యలో ఒక్కసారిగా కిందికి విరిగిందంటే మట్టం ముఖ్యమైన పగులు కిందికి దిగిందని, లేదా పగులు కొంత దూరంలోనే మూసుకుపోయిందని అర్థం. మీ రెండు గంటల గాలికి కారణం బహుశా ఇదే. పెద్ద మోటారు వేస్తే ఇంకా ముందే గాలి కొడుతుంది.

ప్రశ్న: నాలుగు గంటలు నడిచాక కరెంటు పోయింది. పరీక్ష వృథాయేనా?
– చంద్రగిరి

జవాబు: వెంటనే గడియారం చూసి, మట్టం ఎలా పైకొస్తోందో అదే వరసలో రాయండి. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు లేవు కాబట్టి తోడేటప్పటి కొలతల కన్నా ఇవే నమ్మదగినవని మా అభిప్రాయం. 240 నిమిషాలు తోడి, ఆపాక 10 నిమిషాలైతే 250ని 10తో భాగించండి: 25. ఈ నిష్పత్తిని లాగ్ స్కేలు మీద, పాత మట్టానికి ఇంకా ఎన్ని మీటర్ల లోటుందో పక్క గీత మీద పెట్టండి. నిష్పత్తి పది రెట్లు మారితే లోటు ఎంత మారిందో చూసి, ఆ అంకెతో పై సూత్రమే వాడండి.

పైపులో నాన్-రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి జారనివ్వనిది) బాగుందో లేదో ముందే చూసుకోవాలి. అది కారితే, మట్టం 100 మీటర్లలో ఉన్నప్పుడు రెండించుల పైపులోని 200 లీటర్లు బోరులోకి జారి మట్టాన్ని 9 మీటర్ల దాకా ఉత్తినే లేపుతాయి. చూసేవాళ్లకు మాత్రం బ్రహ్మాండమైన ఊట అనిపిస్తుంది.

ప్రశ్న: మోటారు లేని పాత బోరుకు ఏ పరీక్ష?
– శ్రీకాళహస్తి

జవాబు: 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 3 మీటర్ల ముక్కలో ఇసుక నింపి, రెండు కొసలూ మూసి, గట్టి తాడుతో ఒక్కసారిగా నీళ్లలో ముంచండి. మట్టం సుమారు 1.3 మీటర్లు లేస్తుంది. అందులో 37 శాతం మిగిలేదాకా ఎంతసేపు పట్టిందో రాయండి. సెకన్లయితే పగుళ్లు తెరిచే ఉన్నాయి, గంటలయితే మూసుకున్నాయి. బోరు చుట్టూ కొద్ది మీటర్ల రాయి సంగతే ఇది చెబుతుంది. దీన్ని చూసి మోటారు కొనేయకండి.