బెస్ట్ ర్యాప్ సాంగ్ అవార్డు పాడినవాడికి కాదు, రాసినవాడికి

అమెరికావాళ్ళ మ్యూజిక్ అవార్డులైన గ్రామీల్లో బెస్ట్ ర్యాప్ పెర్ఫార్మెన్స్ ఉండగా మళ్ళీ బెస్ట్ ర్యాప్ సాంగ్ దేనికి, రెండూ ఒకటే కదా అని అడిగారు. ఒకటి కాదండీ. నేనూ చాన్నాళ్ళు మీలాగే అనుకున్నా, కాలేజీలో ఒకసారి ఒళ్ళు మండాక గానీ తేడా బుర్రకెక్కలేదు.

ముందు మనకి తెలిసిందే చూడండి. 2023లో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రోజు స్టేజీ మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఆస్కార్ అందుకుంది కీరవాణి, చంద్రబోస్. ఎందుకంటే ఆ అవార్డు పాట కట్టినాయనకి, రాసినాయనకి. బెస్ట్ ర్యాప్ సాంగ్ కూడా ఆ బాపతే. పెర్ఫార్మెన్స్ అవార్డు మైకు ముందు నిలబడినవాడిది.

ఈ కేటగిరీ 2004లో మొదలైంది. మొదటిసారి గెలిచింది అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్ పాట 'లూజ్ యువర్‌సెల్ఫ్'. అవార్డు ఒక్క ఎమినెమ్‌కే కాదు, ఆయనతో కలిసి పాట కట్టిన జెఫ్ బాస్, లూయిస్ రెస్టోలకి కూడా. అంతకు ముందేడు ఇదే పాటకి ఆస్కార్ వస్తే ఎమినెమ్ అసలు వెళ్ళనేలేదు, రెస్టో ఒక్కడే స్టేజీ ఎక్కి తీసుకున్నాడు. అసలు ర్యాప్‌కంటూ గ్రామీ ఇవ్వడమే 1989లో మొదలైంది, అది కూడా టీవీలో చూపించకుండా పక్కన ఇచ్చేస్తామంటే గెలిచిన విల్ స్మిత్, డీజే జాజీ జెఫ్ జోడీ అలిగి వెళ్ళలేదు. ఆ మాత్రం అలగాల్సిందే అంటాను నేను.

రెండూ వేరని తేలేది, రెండు అవార్డులూ వేరే వేరే పాటలకి వెళ్ళిన ఏళ్ళలో. 2017లో పెర్ఫార్మెన్స్ అవార్డు 'చాన్స్ ద ర్యాపర్' అనే ర్యాపర్‌కి వెళ్తే, సాంగ్ అవార్డు కెనడా ర్యాపర్ డ్రేక్ పాట 'హాట్‌లైన్ బ్లింగ్'కి వచ్చింది. ఇది ర్యాప్ పాటే కాదని డ్రేకే అన్నాడు, వినండి, నాకూ అలాగే అనిపిస్తుంది, ఆయన అందులో పాడుతున్నాడు మరి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పాటలో వాడిన శాంపిల్, అంటే పాత రికార్డులోంచి తీసుకున్న ముక్క, టిమ్మీ థామస్ 1972లో చేసిన పాటలోది, అయినా విజేతల్లో ఆయన పేరు లేదు, డ్రేక్ పేరూ బీట్ కట్టిన పాల్ జెఫరీస్ పేరే ఉన్నాయి. పాత పాట ముక్క వాడుకుంటే, కొత్తగా రాసిన భాగానికే ఈ అవార్డు. నాకిది అంత న్యాయంగా తోచదు, ఆ పాత ముక్క తీసేస్తే అక్కడ మిగిలేది ఎంతని?

ఇప్పుడు నా గొడవ. ఇంజనీరింగ్ మూడో ఏడు, ఫెస్ట్‌కి మా రూమ్మేట్ ర్యాప్ చేస్తానన్నాడు. రాసింది నేను, హాస్టల్ మెస్ మీద, సప్లీల మీద, పదహారు లైన్లు, ప్రాస కుదరక మూడు రాత్రులు పట్టింది. పక్క రూమువాడు ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని డప్పు దరువుతో బీట్ చేశాడు. ప్రైజొచ్చింది. మూడు వేలు, ఒక షీల్డు, దాని మీద ఒకటే పేరు, రూమ్మేట్‌ది. రాసినవాళ్ళ పేర్లు చదవండి అని యాంకర్‌కి చీటీ ఇచ్చినా చదవలేదు. వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు నేను.

కానీ తర్వాత వీడియో చూస్తే నా కోపం సగం దిగింది. నేను లైన్లలో మాటలు కుక్కేశాను, ఊపిరి తీసుకునే సందు కూడా ఉంచలేదు. వాడు అక్కడికక్కడే రెండు లైన్లు ఎగ్గొట్టి, వార్డెన్ మీద లైన్ దగ్గర ఒక్క క్షణం ఆగి అన్నాడు, హాలంతా గొల్లుమంది. నేను రాసినప్పుడు ఆ ఆగడం లేదు. అది వాడిది. పదాలు నావి, దరువు పక్క రూమువాడిది. అందుకే నన్నడిగితే రెండు అవార్డులూ ఉండాలి, ఒకటి తీసేస్తే ఎవడో ఒకడికి మండుతుంది.

ఆ మూడు వేలూ బిర్యానీకే పోయాయి. మొన్న పక్క రూమువాడు పాత హార్డ్ డిస్క్‌లో ఆ ఫైల్ దొరికిందని పంపాడు. తెరిచి చూస్తే ఆర్టిస్ట్ దగ్గర వాడి పేరొక్కటే ఉంది.