గుండె దొరికినా సైజు చాలదంటారెందుకు?

ప్రశ్న: మా అన్నయ్యకు 45 ఏళ్లు. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. గుండె బాగా ఉబ్బిపోయి, మార్పిడి తప్పదనడంతో జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు నమోదు చేయించాం. ఇటీవల ఒక రాత్రి గుండె దొరికిందని ఫోన్ వస్తే పరుగున వెళ్లాం. బ్లడ్ గ్రూపు కలిసింది కానీ, దాత ఎత్తు తక్కువ మహిళ అని, సైజు చాలదని తెల్లవారేలోపే పంపించేశారు. ఆడవారి గుండె మగవారికి పనికిరాదా? చిన్న గుండె పెడితే ఛాతీలో ఖాళీ మిగులుతుందనా వారి అభ్యంతరం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆడవారి గుండె మగవారికి పనికిరాదన్న నియమం ఎక్కడా లేదు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన తొలి గుండె మార్పిడిలో 25 ఏళ్ల యువతి గుండెనే 54 ఏళ్ల పురుషుడికి అమర్చారు. ఆయన 18 రోజులకు చనిపోయింది న్యుమోనియాతో.

ఖాళీ మిగలడం కూడా అసలు అభ్యంతరం కాదు. మీ అన్నయ్యకు గుండె ఉబ్బడం వల్ల దాని చుట్టూ ఉన్న సంచి సాగి ఉంటుంది కాబట్టి, కాస్త పెద్ద గుండె వచ్చినా సులువుగానే ఇముడుతుంది. భయమల్లా చిన్న గుండెతోనే. ఒక్కో స్పందనకు అది తోసే రక్తం తక్కువ. పెద్ద ఒంటికి చాలినంత అందించడానికి అది మరింత వేగంగా కొట్టుకోవాలి, ఒక్కంతస్తు ఇంటికి నీళ్లెక్కించే మోటారును నాలుగంతస్తుల మేడకు బిగించినట్టు. గుండె చాలాకాలంగా బలహీనపడినవారిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఉండడం మామూలే. ఊపిరితిత్తుల్లోకి రక్తాన్ని తోసే గది కుడి జఠరిక. దాత గుండెలోని ఆ గదికి ఈ ఒత్తిడి అలవాటు లేదు. మార్పిడి అయిన తొలి గంటల్లో చేతులెత్తేసేది ఎక్కువగా అదే. అందుకే ఈ ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోగికి చిన్న గుండె తీసుకోవడానికి సర్జన్లు వెనకాడతారు.

గతంలో కొలత అంటే శరీర బరువే. దాత బరువు గ్రహీత బరువుకన్నా 30 శాతానికి మించి తగ్గకూడదని, స్త్రీ గుండెను పురుషుడికి అమర్చేటప్పుడు 20 శాతం దాటితేనే జాగ్రత్తపడాలని 2010 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. నా దృష్టిలో బరువు చాలా మోసపూరితమైన కొలత. కొవ్వు పెరిగినంతగా గుండె పెరగదు. పైగా గుండె జబ్బుతో కాళ్లకు, పొట్టకు నీరు పట్టిన మనిషి బరువులో ఎంత అతనిది, ఎంత నీటిది? ఇప్పుడు చాలా కేంద్రాలు ఎత్తు, బరువు, వయసు, స్త్రీపురుష భేదం నాలుగూ కలిపి గుండె కండరం ఎన్ని గ్రాములు ఉంటుందో అంచనా వేస్తున్నాయి. అమెరికాలో వేల మందికి ఎంఆర్‌ఐ తీసి కట్టిన సూత్రమిది. దాని ప్రకారం ఎత్తు, బరువు, వయసు ఒకటే అయినా స్త్రీ గుండె పురుషుడి గుండెకన్నా సుమారు ఆరో వంతు చిన్నది. మీ అన్నయ్య లెక్క దాదాపు 189 గ్రాములు. దాత 30 ఏళ్ల మహిళ, 152 సెంటీమీటర్లు, 54 కిలోలు అనుకుంటే ఆమె గుండె 118 గ్రాముల దగ్గర తేలుతుంది, అంటే 38 శాతం తక్కువ. సుమారు 14 శాతానికి మించి చిన్నదైతేనే తొలి ఏడాది మరణాలు పెరుగుతున్నాయని అధ్యయనాలు చూపాయి. కనుక ఆ రాత్రి వైద్యులు కాదనడం సబబే. అదే గుండె 60 కిలోల మహిళకు చక్కగా సరిపోయి ఉండవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు (ఐఎల్‌డీ). ఎత్తు 150 సెంటీమీటర్లే కావడంతో తగిన దాత దొరకడానికి ఆలస్యమవుతుందంటున్నారు. బరువు పెంచితే అవకాశం పెరుగుతుందా? పెద్ద ఊపిరితిత్తిని కోసి చిన్నది చేయలేరా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బరువు పెంచి ప్రయోజనం లేదమ్మా. శస్త్రచికిత్సను తట్టుకోవడానికి తగిన బరువు ఉండాలన్నది వేరే విషయం. ఊపిరితిత్తుల పరిమాణం మాత్రం ఎత్తును బట్టి, స్త్రీయా పురుషుడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం మీ అమ్మగారికి 4.1 లీటర్లు, 172 సెంటీమీటర్ల పురుష దాతకు 6.7 లీటర్లు వస్తాయి. ఈ సూత్రం ఐరోపా వాసుల కొలతలతో కట్టినది, అదే ఎత్తులో మనవారి ఊపిరితిత్తులు కొంత చిన్నవే. అయితే ఇద్దరికీ ఒకే సూత్రం వాడి నిష్పత్తి చూస్తారు కనుక పెద్ద తేడా రాదు.

ఇక్కడ జబ్బు స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. పొగతాగే అలవాటుతో వచ్చే ఎంఫిసీమాలో ఛాతీ పీపాలా ఉబ్బి ఉంటుంది, పెద్ద ఊపిరితిత్తులకు చోటుంటుంది. మీ అమ్మగారి జబ్బులో అందుకు విరుద్ధంగా ఊపిరితిత్తులు కుంచించుకుపోయి, కింది పొర (డయాఫ్రమ్) పైకి జరిగి, ఛాతీ గూడు ఇరుకవుతుంది. అందుచేత ఆమె ఎత్తుకు ఉండవలసిన పరిమాణానికీ ఇప్పుడు సీటీ స్కాన్‌లో కనిపించే పరిమాణానికీ మధ్య ఎక్కడ ఆగాలో సర్జన్ నిర్ణయించుకోవాలి. గణితం చెప్పలేనిది ఆ నిర్ణయమే. సాధారణంగా దాత ఊపిరితిత్తులు కొంచెం పెద్దవైతేనే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. చిన్నవి అతిగా సాగుతాయి, చుట్టూ మిగిలిన ఖాళీలో నీరు చేరుతుంది. మరీ పెద్దవైతే మడతపడి కొన్ని భాగాలు గాలి అందక ముడుచుకుపోతాయి, ఛాతీ మూసేటప్పుడు గుండెను నొక్కి బీపీ పడిపోవచ్చు.

మీరడిగినట్టు కోయడమూ ఉంది. అంచులను స్టేప్లర్‌తో కత్తిరిస్తారు, కుడి ఊపిరితిత్తిలోని మూడు తమ్మెల్లో (భాగాల్లో) మధ్యదాన్ని తీసేస్తారు, ఒక్కోసారి ఒక తమ్మెనే అమరుస్తారు. దీనికి అనుభవం ఉన్న బృందం కావాలి. కనుక ‘పెద్ద ఊపిరితిత్తులను తగ్గించి అమర్చడం మీ దగ్గర చేస్తారా’ అని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను ఇప్పుడే అడగండి. ఎత్తు తక్కువవారు ఎక్కువ కాలం వేచి ఉండవలసి రావడం అమెరికా లెక్కల్లోనూ తేలిన విషయమే.

ప్రశ్న: ఆరేళ్ల పిల్లలకు పెద్దవారి గుండె పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 18 కిలోల పిల్లవాడికి 60 కిలోల మనిషి గుండె సాధారణంగా పట్టదు. అయితే పిల్లల్లో దాతలు అరుదు కాబట్టి, పెద్దవారి విషయంలో ఉన్నంత కచ్చితంగా ఉండరు. గుండె ఉబ్బిన పిల్లలకు రెండింతల బరువున్న దాత గుండెను, ఒక్కోసారి అంతకు మించినదాన్ని కూడా అమరుస్తారు. అప్పుడు ఛాతీ ఎముకను వెంటనే మూయకుండా కొద్ది రోజులు ఆగవలసి రావచ్చు, చిన్న రక్తనాళాల్లోకి పెద్ద గుండె బలంగా తోయడం వల్ల బీపీ కొంతకాలం ఎక్కువగా ఉండవచ్చు. చిన్నపిల్లల గుండెను చిన్నపిల్లలకు అమర్చినప్పుడు మాత్రం అది వారితోపాటే పెరుగుతుంది.