సీసా తిప్పి లేబుల్ చదువు

చిన్నీ,

ఆదివారం నువ్వు ఆవు పొట్టలోంచి ప్లాస్టిక్ తీయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో పొంగు దాగలేదు. నాకూ గర్వమే, కానీ ముందు గుండె ఝల్లుమంది. కోత గురించి కాదమ్మా, నీకు చెయ్యి తిరిగిందని తెలుసు. నా భయమంతా కోతకి ముందు గంట గురించి.

మేత 24 గంటలు, నీళ్లు 12 గంటలు ఆపించు. రైతు జాలిపడి తెల్లారుజామున కుడితి పెట్టేస్తాడు, ముందే గట్టిగా చెప్పు. ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా పట్టే ఊచల చట్రంలో, నిలబెట్టే చెయ్యి, పడుకోబెట్టకు.

ఇక జైలజిన్, పశువుని మెత్తబరిచే మత్తుమందు. మా తరం చేసిన పాత తప్పు ఇది, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఈ మందు మి.లీ.కి 20 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 100 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది. 300 కిలోల ఆవు నిలబడే మెత్తబడాలంటే కిలోకి 0.05 మి.గ్రా. చొప్పున 15 మి.గ్రా. కండకిస్తే చాలు. పల్చటి సీసాలో అది 0.75 మి.లీ. అలవాటు కొద్దీ అదే 0.75 మి.లీ. చిక్కటి సీసాలోంచి లాగావనుకో, 75 మి.గ్రా. పోతుంది. ఐదింతలు! ఆవు కూలబడుతుంది. పెద్దపొట్ట కదలిక ఆగిపోతుంది, త్రేన్పు రాదు, డొక్క డోలులా ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది. పొట్టలోది గొంతులోకి ఎగదన్ని ఊపిరిగొట్టంలో పడుతుంది. కుట్లు ఎంత చక్కగా పడినా, తర్వాత న్యుమోనియాతో పశువు పోతుంది.

అసలు గుర్రానికిచ్చే దాంట్లో పదో వంతే ఆవుకి ఎక్కువ. అందుకే "ముప్పావు మి.లీ. ఇవ్వండి" అనే మాట నీ నోట రాకూడదు. మి.గ్రా. లెక్క కాగితం మీద కట్టి, సీసా తిప్పి చదివి, అప్పుడు సిరంజి పట్టు. నవ్వుకుంటున్నావు కదూ? నవ్వు, కానీ రాయి. చివరి నెలల చూడి ఆవైతే ఆ మందు జోలికే పోకు, గర్భసంచిని బిగిస్తుంది. విరుగుడు యోహింబిన్ దగ్గర పెట్టుకో. ఒకవేళ పడిపోతే పక్కకి వాలనివ్వకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, మెడ కింద గడ్డిమూట పెట్టి మూతి కిందికి వాలేలా చూడు. ఉబ్బిన గాలి తీయడానికి పొట్టగొట్టం సిద్ధంగా ఉండాలి.

తిమ్మిరికి 2 శాతం లిగ్నోకెయిన్ 60 నుంచి 80 మి.లీ. చివరి పక్కటెముక వెనకంచు వెంబడి, నడుము ఎముకల అడ్డుకొసల కింద వరసగా. ప్రతి పోటుకీ ముందు వెనక్కి లాగి నెత్తురు రాలేదని చూసుకో. తర్వాత 15 నిమిషాలు ఆగు. ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు. చర్మం మొద్దుబారినా లోపలి పొరకి స్పర్శ మిగిలితే, అక్కడ కత్తి తగలగానే ఆవు ఎగురుతుంది.

నొప్పి మందు మెలాక్సికమ్ కిలోకి 0.5 మి.గ్రా. కోతకి ముందే ఇచ్చెయ్యి, నొప్పి లేచాక కాదు. పాత అలవాటున ఎవరైనా డైక్లోఫెనాక్ చేతికిస్తే తీసుకోకు. అదీ నొప్పి మందే, కానీ అది ఇచ్చిన పశువు కళేబరం తిన్న రాబందుల్ని చంపేసిందని పశువులకి 2006లోనే ఆపేశారు. అదే కోవ మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో ఆగిపోయాయి.

మేకలూ చేస్తానన్నావట. వాటికి లిగ్నోకెయిన్ ఇట్టే విషమవుతుంది. 20 కిలోల మేకకి 5 మి.లీ. దాటొద్దు. చాలదనిపిస్తే అంతే సెలైన్ కలిపి పల్చన చెయ్యి.

ఆదివారం పొద్దున ఏదైనా తిని వెళ్లు తల్లీ. ఉపవాసం ఆవుకి చెప్పాను, నీకు కాదు.

మీ పెదనాన్న