కోవిడ్ టైంలో ఆన్‌లైన్‌లో మెడిసిన్ చదివింది, ఇప్పుడు పేషెంట్ అంటే భయపడుతోంది

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్‌లో చేరిన కొన్నాళ్ళకే కోవిడ్ వచ్చింది సార్, అనాటమీ కూడా చాలావరకు వీడియోల్లోనే చూసింది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో సూది పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయంట, పేషెంట్లతో పనిలేని బ్రాంచ్ తీసుకుంటా అంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, బ్రాంచ్ సంగతి ఇప్పుడే తేల్చుకోవద్దని చెప్పండి ముందు. పాథాలజీ, మైక్రోబయాలజీ చాలా మంచి బ్రాంచ్‌లే, కోవిడ్‌లో టెస్టులన్నీ నడిచింది ల్యాబ్ వాళ్ళ వల్లే కదా, కానీ ఇష్టపడి వెళ్ళడం వేరు భయంతో వెళ్ళడం వేరు.

తను ఒక్కతే వెనకబడిపోయానని అనుకుంటోంది చూడండి, అది నిజం కాదు. 2020 మార్చిలో అమెరికాలో మెడికల్ కాలేజీల సంఘమే స్టూడెంట్స్‌ని పేషెంట్ల దగ్గరికి పంపడం ఆపమని చెప్పింది, మాస్కులకే కరువు వచ్చింది అప్పుడు. అదే నెలలో ఇటలీలో చదువు పూర్తయినవాళ్ళని లైసెన్స్ పరీక్ష లేకుండానే డ్యూటీకి తీసుకున్నారు. అంటే పెద్ద పెద్ద దేశాలకే ఏది కరెక్టో తెలియని టైం అది, తన తప్పు ఏముంది ఇందులో.

ఇంకోటి చెప్తా, 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడితే ఊపిరి అందని పేషెంట్లకి మెషిన్లు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే ఎనస్థీషియా డాక్టర్ గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ పెట్టి రబ్బరు బ్యాగ్‌ని చేత్తో నొక్కుతూ గాలి పంపొచ్చని చూపించాడు, ఆ నొక్కే పని షిఫ్టులేసుకుని చేసింది దాదాపు 1,500 మంది మెడికల్ స్టూడెంట్సే. ఆ పని వాళ్ళకి అంతకుముందు ఎవరూ నేర్పలేదు, మంచం పక్కనే నేర్చుకున్నారు.

మీ అమ్మాయికి థియరీ ఉంది, లేనిది చేతి అలవాటు మాత్రమే. సీనియర్ దగ్గరికెళ్ళి నాకేం రాదు అంటే వాళ్ళు కూడా ఏం చేయలేరు, క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న ప్లాస్టిక్ ట్యూబ్) ఎక్కించడం రావట్లేదు అని సూటిగా అడగమనండి. ముందు బొమ్మ చెయ్యి మీద చెయ్యాలి, తర్వాత సీనియర్ పక్కన ఉండగా పేషెంట్‌కి. చాలామంది ఎక్కడ తడబడతారంటే, సూది వెనకాల రక్తం కనపడగానే నరం దొరికేసిందని సూది లాగేస్తారు, అప్పుడు కోణం తగ్గించి ఇంకో రవ్వంత లోపలికి పోనిచ్చి ఆ తర్వాతే ప్లాస్టిక్ ట్యూబ్ జరపాలి. ఇది వీడియోలో వందసార్లు చూసినా వేళ్ళకి తెలీదు.

అలాగే రోజుకి ఒక్క పేషెంట్‌ని కేస్ షీట్ చూడకుండా మొదటినుంచి చివరిదాకా పరీక్ష చేసి తనకి ఏం దొరికిందో రాసుకుని అప్పుడు సీనియర్ రాసిందాంతో పోల్చుకోమనండి. లివర్ అంచు చేతికి తగిలిందా లేదా అన్న డౌట్ ఇలాగే తీరుతుంది, వేరే దారి లేదు.

మీరు మాత్రం రోజూ ఫోన్ చేసి ఇవాళ ఎలా చేశావ్ అని అడక్కండి అమ్మా. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఊరికే ఏడవడం లాంటివి ఉంటే అది స్కిల్ ప్రాబ్లం కాదు, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంటర్న్‌షిప్ చివర్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి, చేతి వణుకు తగ్గాక కూడా తనకి మైక్రోస్కోపే నచ్చుతుంటే హ్యాపీగా తీసుకోనివ్వండి, అడ్డు చెప్పొద్దు.