విదేశాల నుంచి వచ్చాక కూడా తగ్గని విరేచనాలు.. మలపరీక్ష చేయించారా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. గత నెల కుటుంబంతో బ్యాంకాక్‌ వెళ్లినప్పుడు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఒఫ్లాక్సాసిన్‌-ఆర్నిడజోల్‌ మాత్రలు, విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ వేసుకున్నాను. ఒక రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. తిరిగొచ్చి రెండు వారాలు దాటినా రోజుకు మూడు నాలుగుసార్లు వెళ్లాల్సి వస్తోంది. షుగర్‌కు గ్లిమెపిరైడ్‌, మెట్‌ఫార్మిన్‌ వాడుతున్నాను. రోడ్డు పక్కన తిన్న బొప్పాయి సలాడే కారణమా? వచ్చే నెల బాలి వెళ్తున్నాం, ఏ యాంటీబయాటిక్‌ దగ్గర పెట్టుకోవాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్‌

జవాబు: సలాడా, ఐసా, నీళ్లా అన్నది ఇప్పుడు తేల్చలేం, తేలినా చికిత్సలో పెద్దగా తేడా ఉండదు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ చెమటలు, వణుకే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నాయి. గ్లిమెపిరైడ్‌ వేసుకుంటూ సరిగా తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒఫ్లాక్సాసిన్‌ వర్గం యాంటీబయాటిక్‌లు ఇలాంటి షుగర్‌ మాత్రలతో కలిసినప్పుడు దాన్ని మరింత ప్రమాదకరంగా తగ్గించే అవకాశం ఉంది. మిమ్మల్ని చూడకుండా అదేనని చెప్పలేను గానీ, అప్పుడే గ్లూకోమీటర్‌తో చూసుకొని ఉంటే తెలిసేది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డాపాగ్లిఫ్లోజిన్‌ వంటి షుగర్‌ మందులను, కొన్ని బీపీ మాత్రలను కొద్ది రోజులు ఆపాల్సి రావచ్చు. వాటిలో ఏది, ఎన్నాళ్లు అన్నది మీకు షుగర్‌ చూసే డాక్టర్‌ను ప్రయాణానికి ముందే అడిగి రాయించుకోండి.

ప్రయాణాల్లో పట్టుకునే విరేచనాలు చాలామందికి మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అయినా మన వాళ్ల సూట్‌కేసులో పచ్చడి సీసా పక్కనే ఒక మందుల సంచీ ఉంటుంది. అందులో సగం కత్తిరించిన స్ట్రిప్‌ ఒకటి, పేరూ గడువు తేదీ ఉన్న వైపు ఎప్పుడో చిరిగిపోయి కనిపిస్తుంది. దాన్నే ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. థాయ్‌లాండ్‌లో విరేచనాలకు తరచూ కారణమయ్యే క్యాంపైలోబ్యాక్టర్‌ అనే బ్యాక్టీరియాపై ఒఫ్లాక్సాసిన్‌ వర్గం మందులు చాలావరకు పనిచేయవు. అంటే మందు చేయాల్సిన మేలు చేయకపోగా, చేయకూడని కీడు చేసి ఉండవచ్చు. లోపెరమైడ్‌ సంగతీ అంతే: మలంలో రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా దాన్ని వేసుకోకూడదు.

ఇక ఇప్పుడు చేయాల్సింది. రెండు వారాలు దాటిన విరేచనాలకు జియార్డియా వంటి పరాన్నజీవులు కారణం కావచ్చు. యాంటీబయాటిక్‌ వాడాక తలెత్తే క్లాస్ట్రిడియోయిడిస్‌ డిఫిసిల్‌ ఇన్ఫెక్షన్‌ కావచ్చు. ఇన్ఫెక్షన్‌ పోయాక పేగు కొన్నాళ్లు కుదుటపడకపోవడమూ ఉంది. మెట్‌ఫార్మిన్‌ మోతాదు ఈమధ్య పెంచి ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. మరో యాంటీబయాటిక్‌ కోర్సు మొదలుపెట్టకముందే మలపరీక్షతో పాటు క్రియాటినిన్‌ (కిడ్నీల పనితీరు), ఎలక్ట్రోలైట్లు (రక్తంలోని లవణాలు), షుగర్‌ చూపించుకోవడం మంచిది. జ్వరం కూడా ఉంటే టైఫాయిడ్‌కు మామూలుగా చేసే వైడాల్‌ రక్తపరీక్షతో సరిపెట్టుకోక, రక్తంలో బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్‌ కల్చర్‌ అడగండి, ఎందుకంటే టైఫాయిడ్‌ తిరిగొచ్చిన కొన్ని వారాలకూ బయటపడవచ్చు.

బాలికి ఏ యాంటీబయాటిక్‌ అన్నది ఈ శీర్షికలో చెప్పను. ముందు ఈ విరేచనాలు తేలాలి. తేలాక మీ డాక్టర్‌ అవసరమనుకుంటే ఏ లక్షణాలకు, ఎన్ని రోజులు అన్నది చీటీపై రాసి ఇస్తారు. టైఫాయిడ్‌, హెపటైటిస్‌-ఎ టీకాల గురించీ అప్పుడే అడగండి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవడం మంచిది. గ్లూకోమీటర్‌, లీటరు నీటిలో కలిపే ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు వెంట ఉండాలి. టెట్రా ప్యాక్‌లో దొరికే తీపి పానీయాలు దానికి ప్రత్యామ్నాయం కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్‌ అనే మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా.

ఈలోగా మలంలో రక్తం కనిపించినా, మూత్రం బాగా తగ్గినా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా, కళ్లు పచ్చబడినా అపాయింట్‌మెంట్‌ కోసం ఆగవద్దు. దగ్గర్లోని ఆసుపత్రికి గానీ, నల్లకుంట ఫీవర్‌ ఆసుపత్రికి గానీ అదే రోజు వెళ్లండి. వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.