మెయిలులో ఎర్రగీతలు: తెలుగుకూ ఇంగ్లిష్‌కూ కలిపి స్పెల్‌చెక్ ఎలా?

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న విశ్రాంత అధ్యాపకుడిని. మా పూర్వ విద్యార్థుల సంఘం ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ద్వారానే నడుపుతున్నాను. తెలుగులో రాస్తే ప్రతి మాట కిందా ఎర్రగీత పడుతోంది. ఇంగ్లిష్‌లో రాస్తే, చిన్నప్పటి నుంచి రాస్తున్న ‘కలర్’, ‘ప్రోగ్రామ్’ స్పెల్లింగులను కూడా తప్పంటోంది. విసిగిపోయి స్పెల్‌చెక్‌ను ఆపేశాను. రెండు భాషలకూ సరిగా పనిచేసేలా చేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. ఆపేసిన స్పెల్‌చెక్‌ను మాత్రం ముందుగా మళ్లీ ఆన్ చేయండి. గీతలు పడుతున్నది మీ రాతలో తప్పులుండి కాదు, మీరు ఏ భాషలో రాస్తున్నారో ఆ ప్రోగ్రామ్‌కు ఎవరూ చెప్పకపోవడం వల్ల. థండర్‌బర్డ్ లోపల అక్షరదోషాలు చూసేది హన్‌స్పెల్ అనే సాఫ్ట్‌వేర్. హంగేరియన్ భాష కోసం లాస్లో నెమెత్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో భాషకు రెండేసి ఫైళ్లు ఉంటాయి: ఒకటి మాటల జాబితా, రెండోది ఆ మాటలకు ముందూ వెనకా ఏయే ప్రత్యయాలు చేరవచ్చో చెప్పే నియమాలు. ఈ రెండింటి సాయంతో దొరకని ప్రతి మాటనూ అది తప్పుగానే లెక్కిస్తుంది. మీ దగ్గర అమెరికన్ ఇంగ్లిష్ నిఘంటువు ఒక్కటే ఉన్నట్టుంది. అందులో ‘నమస్కారం’ అన్న మాటా ఉండదు, యూ అక్షరంతో రాసే ‘కలర్’ కూడా ఉండదు.

థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ అనే విభాగం తెరిచి కిందికి వెళితే స్పెల్లింగ్ అనే భాగం కనిపిస్తుంది. టైప్ చేస్తుండగానే తప్పులు చూపించమనే పెట్టె అక్కడే ఉంటుంది, దానిలో టిక్ పెట్టండి. పక్కనే మరిన్ని నిఘంటువులు దించుకునే లంకె ఉంటుంది. అందులోంచి బ్రిటిష్ ఇంగ్లిష్‌ను తెచ్చుకుని, అమెరికన్ ఇంగ్లిష్ టిక్ తీసేయండి. 2022లో వచ్చిన 102వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్‌లో ఒకటి కంటే ఎక్కువ భాషలను ఒకేసారి ఎంచుకోవచ్చు. టిక్ పెట్టిన నిఘంటువుల్లో ఏ ఒక్కదానిలో ఉన్నా ఆ మాటను ఒప్పుగానే వదిలేస్తుంది కనుక, తెలుగు, ఇంగ్లిష్ కలిసిన ఉత్తరానికి ఇది ఎంతో సౌకర్యం. అయితే అమెరికన్, బ్రిటిష్ ఇంగ్లిష్‌లు రెండూ టిక్ చేసి ఉంచితే ఒకే ఉత్తరంలో ‘కలర్’ రెండు రకాలుగా రాసినా పట్టుకోదు. అందుకే ఇంగ్లిష్ ఒక్కటే ఉంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏదైనా ఒక ఉత్తరానికి మాత్రం భాష మార్చాలనుకుంటే, మెయిల్ రాసే కిటికీలో రైట్ క్లిక్ చేస్తే భాషల జాబితా వస్తుంది.

ఇక తెలుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. విండోస్‌కు బదులు ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారికి ‘హన్‌స్పెల్-టీఈ’ అనే ప్యాకేజీ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది. విండోస్‌లో పెద్ద తెలుగు ఉత్తరమైతే లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలు, వ్యాసాలు రాసుకునే రైటర్ అనే ప్రోగ్రామ్‌లో రాసి, సరిచూసి, మెయిలులో అతికించడమే నేను సూచించే మార్గం. లిబ్రేఆఫీస్‌కు తెలుగు నిఘంటువు ఉంది కానీ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని నిఘంటువుల జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. తర్వాత ఆప్షన్స్‌లోని భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగును ఎంచుకోవాలి. చాలామంది ఈ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోతారు.

ఇంత చేసినా కొన్ని సరైన మాటల కింద గీతలు మిగులుతాయి. ‘ఊరు’ అన్న మాటనే తీసుకోండి. ఊరికి, ఊళ్లో, ఊళ్లోంచి, ఊరినుంచే, ఊళ్లోవాళ్లందరికీ అంటూ ఎన్ని రూపాలు వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. ‘వచ్చాడు’, ‘అనుకున్నాను’ కలిసి ‘వచ్చాడనుకున్నాను’ అవుతుంది. మాటలు ఇలా అతుక్కుపోయే భాషకు అన్ని రూపాలనూ జాబితాకెక్కించడం సాధ్యం కాదు. దీనికి తోడు కంటికి కనబడని చిక్కు ఇంకొకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ పక్కన ‘వే’ విడిగా నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉండాలి. అది లేకపోతే ‘వ’ వెళ్లి ‘ట’ కింద వత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చదివేవారికి రెండూ ఒక్కటే, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు అక్షర వరుసలు. మీ కీబోర్డు ఏ రూపం ఇస్తోందో గమనించండి. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినదైతే యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ప్రామాణిక అక్షర సంకేతాలు) తెలుగు కాదు కాబట్టి, దాన్ని ముందుగా మార్చుకోకుండా ఏ స్పెల్‌చెక్కూ చదవలేదు.

గీత పడిన మాట సరైనదేనని మీకు రూఢి అయితే, దానిపై రైట్ క్లిక్ చేసి నిఘంటువుకు చేర్చండి. సంఘ సభ్యుల ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు ఇలా చేర్చుకుంటూ పోతే కొద్ది నెలల్లోనే గీతలు బాగా తగ్గుతాయి. తొందరలో తప్పు మాటను చేర్చితే మాత్రం ఆ తప్పు ఇక ఎప్పటికీ కనిపించదు. నేను ఒకసారి ‘రిసీవ్డ్’లో ఐ, ఈ తారుమారైన రూపాన్ని అలాగే చేర్చేశాను. చాలా ఉత్తరాలు వెళ్లాక గానీ తెలియలేదు. మీకూ అలా జరిగితే హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీ నుంచి ప్రొఫైల్ ఫోల్డర్ తెరిచి, థండర్‌బర్డ్‌ను మూసి, ‘పెర్స్‌డిక్ట్.డాట్’ (persdict.dat) అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ వరుసను తొలగించండి. ‘కళ’ రాయాల్సిన చోట ‘కల’ రాస్తే ఏ నిఘంటువూ పట్టుకోలేదు, రెండూ సరైన మాటలే కనుక. అక్కడ మీ కన్నే దిక్కు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్‌కు అవుట్‌లుక్ వాడుతున్నాను. బ్రిటిష్ ఇంగ్లిష్ పెట్టినా మళ్లీ మళ్లీ అమెరికన్‌కు మారిపోతోంది.

జవాబు: పాత తరహా డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో భాష అనేది ప్రోగ్రామ్‌కే కాక, రాతలోని ప్రతి ముక్కకూ విడిగా అంటి ఉంటుంది. వేరేచోట నుంచి తెచ్చి అతికించిన పేరా తన భాషను వెంట తెచ్చుకుంటుంది. మెయిల్ రాసే కిటికీలో మొత్తం రాతను సెలెక్ట్ చేసి, రివ్యూలో లాంగ్వేజ్, ఆపై సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ నొక్కండి. బ్రిటిష్ ఇంగ్లిష్ ఎంచుకుని, భాషను తనంతట తానే గుర్తించే పెట్టెలో టిక్ తీసేసి, డిఫాల్ట్‌గా సెట్ చేయండి. స్పెల్లింగ్, గ్రామర్ చూడవద్దనే పెట్టె కూడా అక్కడే ఉంటుంది. అందులో టిక్ ఉంటే ఎన్ని తప్పులున్నా ఒక్క గీతా పడదు కాబట్టి, దాన్నీ ఒకసారి చూసుకోండి.