విదేశీ రేవులో ఉన్న ఓడకి స్పేర్ పార్ట్ ఎలా పంపాలి?

విశాఖ నుంచి ఫ్యూయల్ పంపు విడిభాగం పంపాలి, ఓడ సింగపూర్‌లో ఆగుతుంది, మామూలు కొరియర్ చాలదా అని అడిగారు. చాలదు. కొరియర్‌కి ఇల్లో ఆఫీసో కావాలి, ఓడేమో కదిలిపోయేది. అందుకని ఓడ కెప్టెన్ పేరు మీద, ఆ రేవులో ఓడ పనులు చూసే ఏజెంటు కేరాఫ్‌గా బుక్ చేస్తారు. ఓడ పేరు పక్కన ఏడంకెల ఐఎంఓ నంబరు (అంతర్జాతీయంగా ఓడకి ఉండే గుర్తింపు నంబరు) కూడా వేయండి. ఓడ చేతులు మారితే పేరు మారొచ్చు, ఆ నంబరు మారదు.

అసలు కీలకం కాగితాల్లోనే ఉంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎయిర్‌వే బిల్లు (విమానంలో సరుకు పంపినప్పుడు ఇచ్చే పత్రం), పెట్టె మీద లేబులు, అన్నిటి మీదా ‘షిప్స్ స్పేర్స్ ఇన్ ట్రాన్సిట్’ అని ఉండాలి. సరుకు ఆ దేశంలో వాడకానికి కాదు, ఓడెక్కి బయటికి పోతుంది కాబట్టి మామూలుగా దిగుమతి సుంకం పడదు. రాటర్‌డామ్ లాంటి యూరప్ రేవులైతే ఏజెంటు టీ1 అనే ట్రాన్సిట్ పత్రం, అంటే సుంకం కట్టకుండా సరుకుని దాటించే కాగితం, తీస్తాడు. ఉచితంగా పంపే వారంటీ పార్టయినా సున్నా విలువ వేయకండి, కస్టమ్స్ వాళ్లు అక్కడే పట్టుకుంటారు.

చెక్కపెట్టె అయితే ఐఎస్‌పీఎం-15 ముద్ర, అంటే చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని చూపే ముద్ర, తప్పనిసరి. పెయింట్లు, లిథియం బ్యాటరీలు ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి, వాటిని పార్టులతో కలిపి ప్యాక్ చేయొద్దు.

కంటెయినర్ ఓడ చాలాసార్లు ఒక రోజుకి మించి ఆగదు. ఓడ రేవులోకి రాకుండా బయటే లంగరు వేసి ఉంటే పార్టుని లాంచీలో పంపాలి, దాని ఖర్చు వేరే, ఒక్కోసారి పార్టు ధరని మించిపోతుంది కూడా. ఆ ఖర్చెంతో ఏజెంటుని ముందే అడిగి ఉంచుకోండి. పార్టు అందాక చీఫ్ ఇంజినీరు సంతకం, ఓడ ముద్ర ఉన్న రసీదు ఏజెంటు దగ్గర తీసుకోండి.